గొడ్డలి కొంటే సరిపోదు, చేసుకోవాలె

మొన్న ఒక తమ్ముడు ఫోన్‌ల వీడియో చూపించిండు. ఎక్కడో విదేశంలో ఒకాయన దుకాణంలో చిన్న గొడ్డలి కొని, కామ ఊడదీసి, అంచు నూరి, కొత్త కామ పెట్టి 'క్యాంప్ యాక్స్' తయారు చేస్తున్నడు. "అన్నా, ఇట్లాంటిది ఆన్‌లైన్‌ల వేలల్ల ఉంది, తెప్పించుకుందామా?" అని అడిగిండు.

నాకు నవ్వొచ్చింది. మన వర్ని దిక్కు క్యాంప్ అంటే నిజాంసాగర్ నీళ్లొచ్చినంక కోస్తా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు. ఇప్పపువ్వుకో, ఆకుకో పోయి రాత్రి అడవిలో ఉండుడుకు మనం పేరు కూడ పెట్టుకోలే. ఇక ఆ వీడియోల ఉన్న పని మా తాత రెండేండ్లకోసారి చేసేటోడు. ఎవరూ వీడియో తీయలే, అంతే తేడా.

నిజం చెప్పాలంటే నేనూ ఆ తమ్ముని లెక్కనే ఉంటి. పోయినేడు బోధన్‌లో 350 రూపాయలకు చిన్న గొడ్డలి కొన్న. ఎర్ర రంగు, మెరిసే వార్నిష్ కామ. కంప కొట్టడానికి పోతే రెండో రోజుకే తల ఊగింది. అంచు మందంగా ఉండి దెబ్బ కట్టెలో దిగలే, పక్కకు జారి నా మోకాలికి జానెడు దూరంలో పోయింది. తాతకు చూపిస్తే, "ఇనుము తెచ్చినవ్ బిడ్డా, గొడ్డలి ఇంక చేసుకోవాలె" అన్నడు.

ఇద్దరం కూర్చున్నం. కామ ఊడదీసి, తల రెండు చెంపలూ ఆకురాయితో రుద్ది పలచన చేసినం. కరెంటు గ్రైండర్ అయితే పది నిమిషాల పని. కానీ ఉక్కు వేడెక్కి నీలం రంగు తేలిందంటే కొలిమిలో ఎక్కించిన గట్టిదనం పోయినట్టే, తర్వాత ఎంత నూరినా అంచు నిలవదు. గ్రైండరే దిక్కయితే మాటిమాటికీ నీళ్లల్ల ముంచుతూ నూరాలె. అట్లని అంచును కత్తిలాగ సన్నం చేసినా ముప్పే, ఎండిన ముడి తగిలితే పెచ్చు లేస్తది.

కామకు మంచిది చిరుమాను అని తాత చెప్పిండు. గట్టి కట్టె, దెబ్బను తట్టుకుంటది. అమెరికావాళ్లు గొడ్డలి కామలకు హికరీ చెట్టును ఎందుకు వాడుతరో, మనోళ్లు చిరుమానును అందుకే వాడిన్రు. ఇంగ్లీషులో దీని పేరే 'ఇరుసు కట్టె'. కానీ మేం చిరుమాను కొట్టలే. మా పొలం గట్టు మీద విరిగిపడి ఏడాదిగా ఎండిన తుమ్మ కొమ్మ వాడినం. ఎందుకో తర్వాత చెప్త.

కట్టె నార కామ పొడుగునా పారాలె, అడ్డంగా తెగితే అక్కడే విరుగుతది. పచ్చి కట్టె పెట్టొద్దు. ఎండినంక కుంచించుకుని తల వదులై ఎగురుతది, పక్కనోళ్ల ప్రాణం మీదికొస్తది. వదులైన గొడ్డలిని నీళ్లల్ల నానబెట్టుడు ఒక్కరోజు ముచ్చటే. దుకాణం కామ 14 అంగుళాలు, మాది 20. ఒక చేత్తోనూ పని చేయొచ్చు, రెండు చేతులా పట్టొచ్చు. పైన చీల్చి ఎండు కట్టె చీల దిగగొట్టినం. వార్నిష్ బదులు అవిసె నూనె పట్టించినం. అంచుకు పాత సైకిల్ ట్యూబు తొడుగు. ఏడాదైంది, తల కదలలే.

ఇప్పుడు అసలు సంగతి. నేను చిన్నగున్నప్పుడు ఎండు కట్టెలకు పోయిన మా నాయన చేతిల గొడ్డలి గుంజుకున్నరు. కాయితం ఇయ్యలే. అడగొచ్చని ఆయనకు తెల్వదు. 1967 అటవీ చట్టం 44వ సెక్షన్ అటవీ నేరం జరిగిందని నమ్మే కారణం ఉంటే పనిముట్లను పట్టుకునే అధికారం ఇస్తది, నిజమే. పట్టుకున్న దానికి గుర్తు వేయాలె, రిపోర్టు చేయాలె అని కూడ అదే సెక్షన్ చెప్తది. కాబట్టి భయపడకుండ, లొల్లి పెట్టుకోకుండ, కాయితం అడుగుండ్రి.

2006 అటవీ హక్కుల చట్టం 3(1)(సి) చిన్న తరహా అటవీ ఫలసాయం మీద మనకు హక్కు ఇచ్చింది. అందులో వెదురు, కంప, మొద్దులు, తేనె, లక్క, తునికాకు, మందు మొక్కలు, దుంపలు ఉన్నయి. వెదురైనా కంపైనా వట్టి చేతులతో తేలేం గదా? అయితే కలప చెట్టు ఆ జాబితాలో లేదు. మేం చిరుమాను ముట్టకపోవడానికి కారణం అదే. మరి కామకు, నాగలికి మనోళ్లు ఎప్పటి నుంచో తెచ్చుకునే కట్టె సంగతి? అది ఊరి ఉమ్మడి వాడుక. 3(1)(బి) కింద నిస్తార్ హక్కుగా గ్రామసభ ఫారం-బిలో అడగొచ్చు.

అడిగితే రుజువేది అంటరు. ఆ చట్టం నియమాల్లో 13వది చూడుండ్రి, పెద్దల మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే. ఏ కట్టె దేనికి, ఏ గుట్ట మీద దొరుకుతది, ఎంతకాలం ఎండాలె అని మా తాత చెప్పిందంతా తరతరాల వాడుకకు రుజువు. మనం ఆన్‌లైన్‌ల గొడ్డలి తెప్పించుకుని ఆ పని మరిచిపోతే, రేపు గ్రామసభలో చెప్పడానికి మన దగ్గర ఏం ఉంటది? నాకు డిగ్రీ ఉంది. కానీ చిరుమాను ఏ గుట్ట మీద ఉందో పోయినేడు దాకా నాకు తెల్వదు.

ఇంకో మాట. ర్యాలీల్లో, రీల్స్‌ల గొడ్డలి ఎత్తి ఊపుడు బంద్ చేద్దాం. పనిముట్టును ఆయుధమని చూపించే పని మనమే చేసి పెట్టొద్దు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ ఆదివారం ఒక్క పని చేయుండ్రి. ఇంట్ల మూలకున్న గొడ్డలి తీసుకుని ఊళ్లె పెద్దమనిషి దగ్గర కూర్చోండ్రి. కామ మార్చుడు నేర్చుకోండ్రి. ఆయన చెప్పింది చెప్పినట్టు కాయితం మీద రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోండ్రి. ఆ కాయితం మీ అటవీ హక్కుల కమిటీకి ఇయ్యుండ్రి. మా తాతకు ఎనభై దాటినయి. మీ ఊళ్లె పెద్దలకు ఎన్నేండ్లో ఒకసారి లెక్కపెట్టుకోండ్రి.