వాహనముల బయానా సొమ్ము ఎవరిది?

వినుకొండ ప్రాంతమున మిరప అమ్మిన సొమ్ము, ప్రత్తి అమ్మిన సొమ్ము, ఈ రెండే పల్లెలలో పెద్ద కొనుగోళ్లకు కాలమును నిర్ణయించును. కల్లములనుండి బస్తాలు గుంటూరు మిరప యార్డునకు చేరిన పిమ్మట, ఉగాదినాటికి ఇంటిముందు ట్రాక్టరో కారో నిలువవలయునని రైతు తలపోయును. అందులకు మొదటి పని నరసరావుపేటకో గుంటూరునకో పోయి, విక్రయశాలలో కొంత సొమ్ము ముందుగా చెల్లించి రశీదు పుచ్చుకొనుట. మన పెద్దలు దీనిని బయానా యనిరి. నేడు అడ్వాన్సనియు బుకింగనియు అనుచున్నారు. పేరు మాఱినది గాని తగవు మాఱలేదు. బండి చెప్పిన నాటికి రాదు; లేదా వచ్చిన బండి కోరిన బండి కాదు; లేదా ధర పెరిగినది; లేదా ఋణము మంజూరు కాలేదు. అంతట రైతు సొమ్ము తిరిగి ఇమ్మనును. విక్రేత రశీదు వెనుకనున్న సన్నని యక్షరములను చూపును.

ఒక్కొక్కరు చెల్లించునది స్వల్పముగానే తోచును. ఐదువేలో ఇరువది వేలో పోయినంతమాత్రమున పది యెకరములు గల రైతు కుంగిపోడు; కనుకనే వ్యాజ్యమునకును పోడు. ఈ సంగతి అమ్మువారికి బాగుగ తెలియును. ఐనను చిన్న మొత్తములు కూడిన ఏమగునో లెక్కవేసి చూడవలయును. 2022 జూలై 30వ తేదీన మహీంద్రావారు స్కార్పియో-ఎన్ అను బండికి బుకింగులు తెఱవగా అర్ధగంటలో లక్ష నమోదులు జరిగినవి. ఒక్కొక్కదానికి చెల్లింపవలసిన మొత్తము 21,000 రూపాయలు. అనగా అర్ధగంటలో నమోదైన బుకింగుల విలువ 210 కోట్ల రూపాయలు! ఆ బండ్లలో పెక్కింటికి నెలల తరబడి వేచియుండవలసి వచ్చెను. ఇందు కంపెనీవారి దోషమును మేము చూపుట లేదు. జనులు తామై యెగబడిరి. ఇంకను తయారుకాని వస్తువుకొఱకు కొనువాని సొమ్ము అమ్ముపక్షమున నిలిచియుండుట యను పద్ధతి ఎంత పెద్దదో చూపుటకే ఈ లెక్క.

ఇది నేటి వింత కాదు. 1983లో మారుతీ ఉద్యోగ్ వారు బుకింగులు స్వీకరించినపుడు, యాభైవేల రూపాయలకు అటునిటుగానున్న కారుకొఱకు పదివేలు ముందుగా పుచ్చుకొనిరి. సుమారు 1,35,000 మంది నమోదు చేసికొనిరి. మొదటి కారు యజమానిచేతికి వచ్చినది ఆ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన. నూటముప్పదియైదు కోట్ల ప్రజాధనము కారు పుట్టకమునుపే కూడెనన్నమాట.

అంతకు పూర్వపు నియంత్రణ దినములను మేము కొనియాడువారము కాము. స్కూటరుకొఱకు పేరు వ్రాయించుకొని ఏండ్లకేండ్లు వేచి, కొడుకు పెండ్లికని నమోదుచేసిన బండి మనుమని బారసాలకు వచ్చునను పరిహాసమునకు తావిచ్చిన కాలమది. ఐనను ఆ కాలపు చట్టములందు ఒక మంచి యుండెను. 1959 నాటి మోటారుకార్ల పంపిణీ ఉత్తరువును, 1960 నాటి స్కూటర్ల పంపిణీ ఉత్తరువును అమలునందున్న నాళ్లలో, కొనగోరువాడు తన సొమ్మును తపాలా కార్యాలయపు సేవింగ్సు ఖాతాలో వేసి ఆ ఖాతాను విక్రేతపేర తాకట్టు పెట్టెడివాడు. సొమ్ము కొనువాని పేరనే యుండెను. విక్రేత దానిని తన వ్యాపారమునకు వాడుకొనుటకు వీలు లేకుండెను. నియంత్రణలు పోయినవి, మంచిదే. వానితోపాటు ఈ రక్షణయు పోయినది. స్వేచ్ఛావ్యాపారమనగా ఒకరి సొమ్మును వేఱొకరు స్వేచ్ఛగా వాడుకొనుట యని ఎవరును చెప్పియుండలేదు గదా!

ఇక రశీదు వెనుకనున్న యక్షరముల బలమెంత? ‘బుకింగు రద్దు చేసికొన్నచో సొమ్ము తిరిగి ఇయ్యబడదు’ అని వ్రాసియున్నచో అదియే వేదవాక్యమని పలువురు నోరు మూసికొనుచున్నారు. అది సరికాదు. 1872 నాటి ఒప్పందముల చట్టము 74వ సెక్షను ప్రకారము, ఒప్పందము తప్పినవానినుండి రెండవ పక్షమువారు పుచ్చుకొనదగినది న్యాయమైన పరిహారము మాత్రమే. కాగితముపై వ్రాసిన మొత్తము దానికి గరిష్ఠపు హద్దు మాత్రమే. సుప్రీముకోర్టువారు 2015లో కైలాసనాథ్ అసోసియేట్సు వ్యాజ్యమున ఈ సూత్రమును విశదముగా చెప్పిరి. ఢిల్లీ అభివృద్ధి సంస్థవారు 3.12 కోట్లకు ఒక స్థలమును వేలమువేసి, పాటదారునినుండి 78 లక్షలు బయానాగా పుచ్చుకొని, పిదప దానిని జప్తుచేసిరి. అదే స్థలమును మరల వేలమువేయగా 11.78 కోట్లు పలికెను. నష్టమే లేనిచోట పరిహార మెక్కడిదని న్యాయస్థానము ప్రశ్నించి, బయానాను తిరిగి ఇప్పించెను.

వాహనములకు దీని నన్వయించి చూతము. వరుసలో వందమంది నిలిచియున్న బండిని ఒకడు వలదనినచో, విక్రేత దానిని మఱునాడే రెండవవానికి అప్పగించును. అతనికి కలిగిన నష్టమేమి? కాగితముల ఖర్చు, గుమాస్తా కాలము. ఆ పాటి మినహాయించుకొనుట న్యాయము. మొత్తమంతయు మ్రింగుట న్యాయము కాదు.

విక్రేతల పక్షమునను కొంత చెప్పవలసియున్నది. మన భూస్వాములలో కొందఱు మూడు దుకాణములలో మూడు బుకింగులు చేసి, ముందు వచ్చిన బండిని తీసికొని తక్కిన రెండింటికి ముఖము చాటువేయుచున్నారు. ఎవరును కోరని రంగునో ప్రత్యేకపు అమరికలనో పట్టుబట్టి తెప్పించి, పిదప వలదనువారును గలరు. అట్టిచోట విక్రేత వడ్డీకి తెచ్చిన సొమ్ము బండి రూపమున ఎండకు ఎండుచు నిలిచియుండును; అతడు నష్టమును చూపి మినహాయించుకొన్నచో తప్పుపట్టరాదు. కాని మిరప ధర పడిపోయి బండిని వలదనుకొనిన రైతును ఈ కోవలో చేర్చరాదు. 2023లో క్వింటాలు ఇరువది వేలు దాటిన మిరప ఎంతగా దిగజాఱెననగా, 2025 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వమువారు మార్కెట్టు జోక్యపథకము క్రింద 11,781 రూపాయల ధరను ప్రకటింపవలసి వచ్చెను. పంట చేతనున్నపుడు బయానా కట్టి, ధర కూలిన పిదప వెనుకకు తగ్గినవాడు మోసగాడు కాడు. వానియొద్ద మిగిలిన కొద్ది సొమ్ములో బయానాయు ఒక భాగమే.

కొనువారిని అన్నిటికంటె ఎక్కువగా చిక్కుపెట్టునది కంపెనీకిని విక్రేతకును గల సంబంధము. ముంగిట కంపెనీ పేరు పెద్దయక్షరములతో వెలుగుచుండును. రశీదుపై కంపెనీ గుర్తుండును. సొమ్ము మాత్రము స్థానిక విక్రేత ఖాతాకు పోవును. విక్రేత దివాలాతీసినను, దుకాణము మూసినను, కంపెనీవారు ‘మేము అతనికి బండ్లు అమ్మువారమే గాని అతని పనులకు పూచీదారులము కాము’ అందురు. ఈ వాదమునకు న్యాయస్థానపు బలమును కొంత గలదు. టాటా మోటార్సు వారికిని ఆంటోనియో పాలో వాజ్ అను గోవా కొనుగోలుదారునకును నడిచిన వ్యాజ్యమున 2021 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టువారు, విక్రేత చేసిన తప్పు కంపెనీకి తెలియునని నిరూపింపనిదే కంపెనీపై బాధ్యత మోపరాదనిరి. అచ్చటి తగవు బయానా గుఱించినది కాదు. 2011 నాటి నమూనాకు సొమ్ము పుచ్చుకొని 2009 నాటి బండి నిచ్చుటను గుఱించినది. ఐనను సూత్ర మిచ్చటికిని వర్తించును. కనుక ఆలస్యమైననాడే, తగవు ముదురకమునుపే, కంపెనీవారికి వ్రాతపూర్వకముగ తెలియజేసి ఆ ప్రతిని దాచుకొనుట కొనువానికి మేలు. తెలియదను మాట పిదప చెల్లదు.

సొమ్ము నేరుగా కంపెనీయే పుచ్చుకొన్నచో చిక్కులు తీరునని తలపరాదు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికారమువారు ఓలా ఎలక్ట్రిక్ వారికి సంజాయిషీ తాఖీదు పంపిరి. అంతకుముందటి ఒక సంవత్సరకాలమున జాతీయ సహాయకేంద్రమునకు ఆ కంపెనీపై వచ్చిన ఫిర్యాదులు 10,644. అందు బుకింగుచేసిన బండి ఆలస్యమైనదనునవి 1,899. వానిలో నూటికి తొంబదితొమ్మిదింటిని పరిష్కరించితిమని కంపెనీవారు బదులు చెప్పిరి. ఫిర్యాదులు తీరినంతమాత్రమున, సొమ్ము ముందు, బండి వెనుక అను పద్ధతి మాఱలేదు.

పల్లెలలో బయానా ఎల్లపుడు రొక్కముగానే యుండదు. పాత ట్రాక్టరును తోలుకొనిపోయి దుకాణమున నిలిపి, ‘దీని వెల రెండున్నర లక్షలు’ అని నోటిమాటగా తేల్చుకొని వచ్చువారు పెక్కురు. క్రొత్త బండి ఆలస్యమగును. నెలలు గడచిన పిదప పాతదాని వెల తగ్గినదందురు. తిరిగి ఇమ్మన్నచో అదివఱకే అమ్మివేసితిమందురు. నోటిమాటకు సాక్షి యెవరు? మఱియు, విక్రయశాల కుఱ్ఱవాడు ‘నా ఫోనుకు పంపుడు, రశీదు రేపిత్తును’ అన్నచో పంపువారును గలరు. ఆ కుఱ్ఱవాడు ఉద్యోగము మానినచో సొమ్మును మానినట్లే. దుకాణపు ఖాతాకు గాక వ్యక్తి ఖాతాకు పంపిన సొమ్మును రాబట్టుట బహుకష్టము.

పన్ను మార్పులు వేఱొక తగవు తెచ్చినవి. 2025 ఆగస్టు 15వ తేదీన ప్రధానమంత్రి వస్తుసేవల పన్ను తగ్గింపును సూచించిరి. సెప్టెంబరు 22 నుండి చిన్నకార్లపై పన్ను 28 నుండి 18 శాతమునకును, ట్రాక్టర్లపై 12 నుండి 5 శాతమునకును తగ్గినది. ఈ నడుమ బుకింగుచేసినవారు తగ్గిన ధర మాకును చెందవలయుననిరి. వారి వాదము సరియైనదే. పన్ను నిర్ణయమగునది బండి బిల్లుచేసిన నాడు గాని బయానా కట్టిన నాడు కాదు. 2017 నవంబరునుండి వస్తువులకై పుచ్చుకొను ముందు సొమ్ముపై వెంటనే పన్ను కట్టవలసిన పనియు విక్రేతకు లేదు. కనుక బుకింగు రద్దైనపుడు ‘పన్ను కట్టివేసితిమి’ అని మినహాయించువానిని, ఆ పన్ను కట్టిన చలానా చూపుమని నిలదీయవచ్చును.

న్యాయము పొందుటకు మార్గములు లేకపోలేదు. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టము 2020 జూలైనుండి అమలునకు వచ్చినది. విక్రేత ఏ నగరమున నున్నను, కొనువాడు తన నివాసము ఏ జిల్లా కమిషను పరిధిలోనిదో అచ్చటనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన ప్రతిఫలము ఐదు లక్షలకు మించనిచో రుసుము లేదు. గడువు రెండేండ్లు. జీవనోపాధికై స్వయముగ నడుపుకొను ట్రాక్టరును, సరకుల ఆటోను కొన్నవాడును వినియోగదారుడే. ‘ఇది వ్యాపారము’ అని విక్రేత తరపు వకీలు బెదరించినచో బెదరనక్కఱలేదు. 1915 అను సంఖ్యకు ఫోనుచేసి చెప్పుకొనుట కంతకంటె సులభము.

ఐనను ఈ చట్టమునందు ఒక లోపము మాకు తోచుచున్నది. మితిమీఱిన డిపాజిట్టు కోరుటయు, నష్టముతో పొంతనలేని జరిమానా విధించుటయు ‘అన్యాయపు ఒప్పందము’లని చట్టమే నిర్వచించినది. కాని అట్టి ఒప్పందమును కొట్టివేయు నధికారమును జిల్లా కమిషనునకు ఈయలేదు. రాష్ట్ర కమిషనునకే యిచ్చినది. ఇరువది వేల రూపాయల రశీదుపైనున్న షరతును ప్రశ్నించుటకు వినుకొండ రైతు విజయవాడకు పోవలయునట! పోవువా డెవడు? మంచి నిర్వచనము కాగితముననే నిలిచిపోవుచున్నది.

ఇండ్ల విషయమున ప్రభుత్వమువారు ఇంతకంటె మెలకువ చూపిరి. 2016 నాటి స్థిరాస్తి చట్టము 13వ సెక్షను ప్రకారము, ఒప్పందపత్రము రిజిస్టరు కానిదే ఇంటి వెలలో పదవవంతునకు మించి ముందుగా పుచ్చుకొనరాదు. షేర్లకు దరఖాస్తు పెట్టువాని సొమ్ము వాని బ్యాంకు ఖాతాలోనే నిలిపియుంచి, షేర్లు కేటాయించిన పిదపనే తీసికొను పద్ధతిని సెబీవారు 2008లోనే తెచ్చిరి. పట్టణపు మదుపరికి లభించిన ఈ సదుపాయము ట్రాక్టరు కొనువానికి ఏల లభింపరాదు? నేడు చేతిఫోనుతో చెల్లింపులు జరుగు కాలమున సొమ్మును ఖాతాలోనే బంధించియుంచుట కష్టమైన పని కాదు. 1960లో తపాలా గుమాస్తా పుస్తకమున వ్రాసి చేసిన పనిని నేటి యంత్రములు చేయలేవా?

కంపెనీల చట్టము క్రింద 2014లో చేసిన నియమములు, వస్తువులకై పుచ్చుకొన్న ముందు సొమ్మును 365 దినములలో వస్తువుక్రింద జమకట్టనిచో అది డిపాజిట్టుగా ఎంచబడునని చెప్పుచున్నవి. భాగస్వామ్యపు దుకాణములకు ఈ నియమము వర్తింపదు. పైగా మిరప రైతునకు ఏడాది యనగా ఒక పంట.

వాహనవిక్రేతలకు ట్రేడు సర్టిఫికెట్టు నిచ్చునది రవాణాశాఖవారు. కేంద్రపు మోటారువాహన నియమములలో ఆ సర్టిఫికెట్టునకు మూడు షరతులు చేర్చినచో చాలును: ప్రతి రశీదుపైనను బండి రకము, నాటి ధర, అప్పగించు తేదీ, రద్దైనచో మినహాయించు మొత్తము తెలుగున ముందువైపుననే ముద్రింపవలయును, తేదీ దాటిన నాటినుండి వడ్డీ చెల్లింపవలయును, మార్చుకొనుటకు తెచ్చిన పాత బండి వెలను అదే రశీదుపై వ్రాసి, క్రొత్తది అప్పగించువఱకు పాతదానిని అమ్మరాదు. ఇందుకు పార్లమెంటు మరల కూడవలసిన పని లేదు, కేంద్ర రవాణాశాఖవారి ప్రకటన యొక్కటి చాలును. అది వెలువడువఱకు, తేదీ వ్రాయని రశీదును పుచ్చుకొనక అక్కడికక్కడే వ్రాయించుకొను హక్కు కొనువానిచేతిలోనే యున్నది.