పీల్చే గాలిలో పొదుపా?

కరవు భత్యంలో ఒక్క పైసా తగ్గినా మన సభ్యులు తక్షణం లెక్క కట్టి చూపగలరు. పని గంట ఒక్కటి పెరిగినా బ్రాంచి సమావేశంలో తీర్మానం వస్తుంది. కాని పని చేసే చోట పీల్చే గాలి ఎంత తగ్గినదో లెక్క అడిగినవారు అరుదు. కంటికి కనిపించని కోత గనుకనే అది నిశ్చింతగా సాగిపోతున్నది. గాలి కూడా పని పరిస్థితులలో ఒకటి అన్నది మా వాదన. జీతం వలెనే దానికీ ఒక అంకె ఉండాలి, ఒక ఒప్పందం ఉండాలి.

మన కార్యాలయాల స్వరూపం మన కళ్ళ ముందే మారినది. ఎత్తైన కప్పులు, పై కిటికీలు ఉన్న పాత హాళ్ళను అడ్డుగోడలతో ముక్కలు చేశారు. కంప్యూటర్లు వచ్చాయి, కంప్యూటర్ల కోసం ఏ.సీ.లు వచ్చాయి, ఏ.సీ.ల కోసం కిటికీలు మూసి మేకులు కొట్టారు. రిజర్వేషను కౌంటర్లు, కంట్రోలు గదులు, టపా సార్టింగు హాళ్ళు, రన్నింగు రూములు ఎన్నో నేడు ఇట్టివే. గోడకు తగిలించిన స్ప్లిట్ ఏ.సీ. బయటి గాలిని లోపలికి తేదు. గదిలోని గాలినే తీసుకొని, చల్లబరచి, మరల గదిలోకే వదులుతుంది. చల్లని గాలి వేరు, తాజా గాలి వేరు. మొదటిది ఇచ్చి రెండవదాన్ని తీసివేసి, దానిని సౌకర్యమని పిలవడం న్యాయం కాదు.

లెక్క చూద్దాము. కూర్చుని పనిచేసే మనిషి ఊపిరి ద్వారా గంటకు సుమారు 18 లీటర్ల బొగ్గుపులుసు వాయువును వదులుతాడు. బయటి గాలిలో ఈ వాయువు పది లక్షల పాళ్ళలో 420 పాళ్ళకు పైచిలుకు ఉంటుంది. మనిషి ఒక్కింటికి సెకనుకు 10 లీటర్ల బయటి గాలి అందితే గదిలో అది సుమారు 920 పాళ్ళ దగ్గర నిలుస్తుంది. 2.5 లీటర్లే అందితే 2,400 దాటుతుంది. ఆ మోతాదులో అది విషమని మేము అనడం లేదు. ఒకరు వదిలిన ఊపిరిని మరొకరు ఎంత పీలుస్తున్నారో చెప్పే కొలబద్ద అది. అట్టి గదులలో తలనొప్పి, మగత, ఏకాగ్రత లోపం కలుగుతాయి. గాలి ద్వారా వ్యాపించే క్షయ వంటి రోగాలకు అవకాశం పెరుగుతుంది. రాత్రి షిఫ్టులో ఆ మగత వల్ల పొరపాటు జరిగితే, చార్జిషీటు మాత్రం గదికి కాదు, ఉద్యోగికి వస్తుంది!

కోవిడ్ కాలంలో 2021 మే నాటికి 1,952 మంది రైల్వే ఉద్యోగులు మరణించారని రైల్వే బోర్డు అధ్యక్షుడే ప్రకటించారు. వారందరికీ వ్యాధి పనిచోటనే సోకినదని మేము చెప్పడం లేదు. కాని అదే సంవత్సరం మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యాలయాల వంటి భవనాలలో మనిషికి సెకనుకు కనీసం 10 లీటర్ల తాజా గాలి ఉండాలని సూచించినది. ఆ సూచన ప్రకారం మన గదులలో ఎన్నింటిని కొలిచి చూశారని అడిగే హక్కు మనకు ఉన్నది.

ఈ కోతకు చరిత్ర ఉన్నది. 1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు పాశ్చాత్య దేశాలలో ఇంధనం ఆదా చేయాలని భవనాలను బిగించారు. అమెరికాలోని ఇంజనీర్ల సంస్థ ఆష్రే 1981 ప్రమాణంలో, పొగ తాగని కార్యాలయాలకు మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగుల గాలి చాలునన్నది. ఉద్యోగులు జబ్బు పడసాగారు. వైద్యులు దానికి 'సిక్ బిల్డింగ్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. 1989లో అదే సంస్థ ఆ కనీసాన్ని 15 ఘనపుటడుగులకు పెంచవలసి వచ్చినది. ఇంధనం పొదుపు మూల్యాన్ని ఉద్యోగుల ఊపిరితిత్తులు చెల్లించాయి. ఆ పాఠం మరల మన ఖర్చుతో నేర్చుకోనక్కరలేదు.

ఇక "తాజా గాలి తెస్తే కరెంటు బిల్లు మోయలేము" అనే వాదం. దీనికి సమాధానం ఏనాడో దొరికినది. 1977లో కెనడాలోని రెజైనా నగరంలో కట్టిన సస్కాచవాన్ కన్జర్వేషన్ హౌస్‌లో, బయటికి పోయే వెచ్చని గాలి నుండి వేడిని రాబట్టి లోపలికి వచ్చే చలిగాలికి అందించే పరికరం అమర్చారు. దీనినే హీట్ రికవరీ వెంటిలేషన్ అంటారు. పలుచని పలకల మధ్య ఒక వైపు నుండి లోపలి గాలి బయటికి, మరొక వైపు నుండి బయటి గాలి లోపలికి పోతాయి. గాలులు కలవవు, వేడి మాత్రం చేతులు మారుతుంది. మన వేసవిలో ఇదే పని తిరగబడి జరుగుతుంది. బయటికి పోయే చల్లని గాలి, లోపలికి వచ్చే వడగాలిని ముందే చల్లబరుస్తుంది. వేడితో పాటు తేమను కూడా మార్పిడి చేసేది ఎనర్జీ రికవరీ వెంటిలేషన్. విశాఖపట్నం, చెన్నై వంటి తీర నగరాలలో ఏ.సీ.కి వేడి కంటె తేమయే పెద్ద బరువు గనుక అక్కడ ఈ రెండవ రకమే కావాలి.

యాభై మంది పనిచేసే హాలును తీసుకోండి. మనిషికి 10 లీటర్ల చొప్పున సెకనుకు 500 లీటర్ల గాలి కావాలి. బయట 42 డిగ్రీలు, లోపల 26 డిగ్రీలు అయితే ఆ గాలి తెచ్చే పొడి వేడి సుమారు 9 కిలోవాట్లు. 70 శాతం రాబట్టే పరికరం ఉంటే ఏ.సీ. మీద పడేది 3 కిలోవాట్ల లోపు. ఫ్యాన్లకు కొంత కరెంటు కావలసినదే, దానిని మేము దాచము. కాని "గాలియా, పొదుపా" అన్న ప్రశ్న ఇక నిలవదు.

"బయటి గాలియే మురికి కదా" అంటారు. ఢిల్లీ శీతకాలపు పొగలో పనిచేసే మన సోదరులకు ఈ మాట తెలిసినదే. అయితే కిటికీ తెరిస్తే వచ్చే గాలిని వడకట్టలేము, యంత్రం ద్వారా వచ్చే గాలిని వడకట్టగలము. ఈ వాదం మన కోరికకే బలం చేకూరుస్తున్నది.

"ఇది సాధ్యం కాదు" అనేవారికి రైల్వేయే సమాధానం చెప్పినది. 2020లో ఏ.సీ. బోగీలలో గాలి మార్పిడిని గంటకు 6–8 సార్ల నుండి 16–18 సార్లకు పెంచామనీ, అందుకు విద్యుత్తు 10 నుండి 15 శాతం అధికమైనా ప్రయాణికుల క్షేమమే ముఖ్యమనీ ప్రకటించినది. మంచిదే, హర్షిస్తున్నాము. మరి అదే ప్రయాణికునికి టిక్కెట్టు ఇచ్చే గుమాస్తా సంగతి? 2017 నాటి ఇంధన పొదుపు భవన నియమావళి, బయటి గాలి ఎక్కువగా వాడే పెద్ద హోటళ్ళకు, ఆసుపత్రులకు వేడి రాబట్టే పరికరాన్ని తప్పనిసరి చేసినది. హోటలు అతిథికి అవసరమైనది ఉద్యోగికి అనవసరమా?

చట్టం మనల్ని కాపాడుతుందని కూర్చుంటే నిరాశే. 1948 ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షను తగిన గాలి ఉండాలన్నది. కాని రైల్వే రన్నింగు షెడ్డును 'ఫ్యాక్టరీ' నిర్వచనం నుండే తప్పించినది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి, కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు తాను వర్తించనని మొదటి సెక్షనులోనే చెప్పుకున్నది. అక్కడి కాంట్రాక్టు కార్మికులకు మాత్రమే మినహాయింపు ఇచ్చినది. కావున ఇది చర్చల బల్ల మీద మనమే సాధించుకోవలసిన విషయం.

యంత్రం కోసం యంత్రం మేము కోరడం లేదు. కిటికీలు తెరుచుకొని గాలి ఆడే హాలుకు కిటికీలే చాలు. డీజిలు పొగను, టపా సంచుల ధూళిని పుట్టిన చోటనే బయటికి లాగివేయాలి. మరుగుదొడ్ల గాలిని, బ్యాటరీ గదుల గాలిని ఈ పరికరాలలోకి మళ్ళించరాదు. వడపోతలు శుభ్రం చేయని యంత్రం దుమ్ము పెట్టెగా మారుతుంది. శుభ్రం చేసే మనిషి లేకుండా యంత్రం కొనడం గుత్తేదారుకు లాభం, ఉద్యోగికి మోసం.

కావున మా డిమాండ్లు ఇవి:

1. మూసివున్న ప్రతి పనిగదిలో, రద్దీ వేళ, సంఘ ప్రతినిధి సమక్షంలో బొగ్గుపులుసు వాయువును కొలిచి ఫలితాన్ని నోటీసు బోర్డు మీద పెట్టాలి.

2. మనిషికి సెకనుకు 10 లీటర్ల తాజా గాలిని లిఖితపూర్వక ప్రమాణంగా అంగీకరించాలి.

3. కిటికీలు తెరవ వీలున్న చోట వాటిని వెంటనే తెరవాలి. వీలులేని చోట వడపోతతో కూడిన ఎనర్జీ రికవరీ వెంటిలేషన్ అమర్చాలి.

4. వాటి నిర్వహణకు శాశ్వత సిబ్బందిని నియమించాలి.

5. తాజా గాలి ఏర్పాటు చూపని కొత్త ఏ.సీ. అంచనా ఏదీ మంజూరు చేయరాదు.

ప్రతి బ్రాంచి తన పరిధిలోని మూసిన గదుల జాబితా తయారు చేయాలి. రైల్వేలో పి.ఎన్.ఎమ్. సమావేశాలలోను, తపాలాలో శాఖా మండలిలోను దీనిని చర్చనీయాంశంగా చేర్చాలి. అంకెలు మన చేతిలో ఉంటే దాటవేత వారికి సులభం కాదు. కరెంటు ఆదా చేయండి, మేము సహకరిస్తాము. మా ఊపిరిలో మాత్రం కోత పెట్టనివ్వము!