నష్టపరిహారము ఆదాయమగునా?

మేడ్చల్ ప్రాంతమునందలి బహదూర్‌పల్లి మీదుగా పోవువారికి ఒక విశాలమైన ఆవరణము కానవచ్చును. ఒకప్పుడది సత్యం కంప్యూటర్ సంస్థవారి కార్యస్థానము. 2013లో ఆ సంస్థ టెక్ మహీంద్రాలో విలీనమైనది. గోడలు నిలిచియే యున్నవి. ఆ పేరును నమ్మి కూడబెట్టిన సొమ్ము పెట్టిన చిన్న వాటాదారునకు మాత్రము న్యాయము జరుగలేదు.

2009 జనవరి 7వ తేదీన సంస్థాధ్యక్షుడు రామలింగరాజు వ్రాసిన లేఖ పాఠకులకు జ్ఞాపకముండకపోదు. లెక్కలలో చూపిన నిలువలో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఆయనయే ఒప్పుకొనెను. ఆ యొక్కదినముననే వాటా ధరలో మూడు పాతికలకు మించి హరించిపోయినది. అమెరికాలో వాటాదారులు దావాలు వేయగా 2011లో సంస్థ 12 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీపడెను. లండను న్యాయస్థానమున దావా వేసిన అబర్డీన్ నిధులవారితో 2012లో 6 కోట్ల 80 లక్షల డాలర్లకు రాజీ కుదిరెను. మన దేశపు చిన్న వాటాదారుల పక్షమున పరిహారము కోరినవారికి 2009లో వినియోగదారుల కమిషనులోను, సుప్రీంకోర్టులోను తలుపులు మూతపడెను.

రాజీ కుదిరిన పిమ్మట పన్ను ప్రశ్న తలయెత్తెను. విదేశీయునకు చెల్లించు సొమ్ము ఇచ్చట పన్ను వేయదగిన ఆదాయమైనచో చెల్లించువాడు ముందుగానే పన్ను కోసియుంచవలెను. ఇంతకును రాజీ సొమ్ము ఆదాయమేనా? అబర్డీన్ పక్షమువారు అడ్వాన్సు రూలింగుల అథారిటీని ఆశ్రయించిరి. 2016 జనవరిలో అథారిటీ వారికి అనుకూలముగా తీర్పుచెప్పెను. ఆ సొమ్ము దావా వేయు హక్కును వదలుకొన్నందుకు వచ్చినది గాని సంపాదన కాదు. కేవలము దావా వేయు హక్కును ఒకరి నుండి మరియొకరికి బదిలీ చేయుటకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమొప్పదు. బదిలీ కాని హక్కునకు కొనుగోలు ఖరీదును లేదు. కావున మూలధన లాభమును లెక్కకట్టుటకు వీలులేదు.

ఈ తర్కము సమంజసమని మా యభిప్రాయము. పొరుగువాని నిర్లక్ష్యముచేత శామీర్‌పేటలో నొకని యిల్లు కాలిపోయినదనుకొందము. పొరుగువాడు పరిహారమిచ్చినచో ఇల్లు పోయినవానిని ఆ యేడు గడించినవాడని యెవరైన నందురా? పోయినదానిలో కొంత తిరిగి వచ్చినది, అంతియే.

అయితే అన్నింటికిని మినహాయింపు కోరుట మా యుద్దేశము కాదు. రాజీ సొమ్ముతోబాటు వచ్చు వడ్డీ ఆదాయమే. వాటాలమ్మి ఆ నష్టమును పన్ను లెక్కలో ముందే తగ్గించుకొన్నవానికి రెండవమారు లాభము చేకూర్చుట న్యాయము కాదు. అమెరికాలో ఇట్టి సొమ్మును సాధారణముగా వాటాల కొనుగోలు ఖరీదులోనుండి తగ్గింతురు. ఖరీదును మించినదియే లాభమగును. అచ్చటి కంపెనీలలో వాటాలుగల మన తెలుగువారీ సంగతి యెరిగియుండవలెను. అట్టి నియమము మనకు నేల యుండరాదు?

ఇచ్చట మన లోపమేమనగా, 2016 నాటి తీర్పు అర్జీదారులకును, ఆ వ్యవహారమున పన్నుల శాఖకును మాత్రమే వర్తించును. 2021లో అథారిటీ స్థానమున వచ్చిన బోర్డు చెప్పునది ఎవ్వరిని కట్టడి చేయదు. పెద్ద వకీళ్లను పెట్టుకొనగల విదేశీ నిధులకు సొమ్మును దక్కినది, పన్ను విషయమున నిశ్చయమును దక్కినది. మేడ్చల్ గుమాస్తాకు రెండును లేవు.

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, 2013 కంపెనీల చట్టమందలి 245వ సెక్షను 2016లో అమలులోనికి వచ్చెను. వాటా మూలధనముగల కంపెనీపై 100 మంది సభ్యులు చేరినను ఉమ్మడి అర్జీ పెట్టవచ్చును. రేపు ఆ మార్గమున పరిహారము దొరికినచో మొదటి ప్రశ్న పన్నుదే యగును. ఒక్కొక్క వాటాదారుడును తన కొద్ది సొమ్ముకొరకు ట్రిబ్యునళ్ల చుట్టు తిరుగవలెనా? మోసమువలన కలిగిన మూలధన నష్టమునకు వచ్చు పరిహారము, నష్టము మేరకు, ఆదాయము కాదని పార్లమెంటు ఒక్క వాక్యమున చెప్పిన చాలును.

బహదూర్‌పల్లికి ఎంతో దూరము కాని శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమున్నది. అచ్చటి విద్యార్థులు ఈ వాక్యమునకు ముసాయిదా వ్రాయుదురు గాక! పఠనమందిరముల పెద్దలు దానిపై సంతకములు సేకరించి తమ పార్లమెంటు సభ్యునకందజేయుదురు గాక! విదేశీయునకు చెల్లిన న్యాయము స్వదేశీయునకు చెల్లకపోవుట మనకు గౌరవము కాదు.