కనిపెట్టుకొని ఉండడమూ వైద్యమే

ఆదివారం ఆరాధనకు ముందు ప్రార్థన మనవుల చీటీలు నా చేతికి వస్తాయి. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, అమ్మాయి పెళ్లి, అబ్బాయి వీసా అన్నీ వివరంగా రాస్తారు. అరవై దాటిన పురుషుల చీటీల్లో మాత్రం కొన్నిసార్లు ‘ఒక ఆరోగ్య సమస్య’ అని మాత్రమే ఉంటుంది. ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి అడిగితే గొంతు తగ్గించి చెబుతారు, ‘ప్రోస్టేట్ కేన్సరన్నారు అయ్యగారూ’ అని. మూత్రాశయం కింద ఉండే ఆ చిన్న గ్రంథికి తెలుగులో పౌరుష గ్రంథి అని కూడా పేరుంది. సగం సిగ్గు ఆ పేరులోనే ఉందేమో!

మా సంఘంలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారికి ఈ రిపోర్టు రాగానే ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. హైదరాబాదు తీసుకెళ్లి వారంలోగా రోబో సర్జరీ చేయించాలని అమెరికాలో ఉన్న కొడుకు పట్టుబట్టాడు. కత్తి పెట్టించుకుంటే విశ్వాసం లేనట్టేనని, స్వస్థత కూటానికి వెళ్దాం పదమని బావమరిది అన్నారు. ఈ గొడవలో డాక్టరు చెప్పిన మూడో మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ‘ఇది నెమ్మదైన రకం, క్రమంగా పరీక్షలు చేస్తూ గమనిద్దాం’ అన్నాడాయన. కొడుక్కి అది నిర్లక్ష్యంలా, బావమరిదికి చేతకానితనంలా తోచింది. నిజానికి అందరికంటే ముందు వినవలసింది ఆ మాటే.

ఎందుకంటే ఈ కేన్సర్ అందరిలోనూ ఒకేలా ఉండదు. బయాప్సీలో తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి గ్లీసన్ స్కోరు అనేది ఇస్తారు. 6 అయితే నెమ్మదైనది, 8 నుంచి 10 వరకూ దూకుడైనది, 7 మధ్యస్థం. దానితోపాటు పీఎస్‌ఏ ఎంత ఉంది, గ్రంథి దాటిందా, ఎముకలకు పాకిందా అన్నవి చూస్తారు. ఇవి తెలియకుండా ఏ వైద్యం మంచిదని పాస్టరును అడిగినా, అమెరికా అబ్బాయిని అడిగినా వచ్చే జవాబుకు విలువ లేదు.

బ్రిటన్‌లో గ్రంథి దాటని కేన్సర్ ఉన్న 1,643 మందిని చీటీలు వేసినట్టుగా మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆపరేషన్, ఒక గుంపుకు రేడియేషన్, మూడో గుంపుకు గమనింపు. సుమారు 15 ఏళ్ల తర్వాతి ఫలితాలు 2023లో వచ్చాయి. ఈ కేన్సర్‌తో చనిపోయినవారు మూడు గుంపుల్లో కలిపి 45 మంది, అంటే నూటికి ముగ్గురికంటే తక్కువ. మరణాల్లో గుంపుకూ గుంపుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాగని గమనింపు ఖర్చులేని మార్గం కాదు. ఆ గుంపులో నూటికి 9 మందికి పైగా కేన్సర్ ఇతర భాగాలకు పాకింది, మిగతా రెండింటిలో అది 5 దగ్గరే ఆగింది. పదిమందిలో ఆరుగురు తర్వాతెప్పుడో ఆపరేషనో రేడియేషనో చేయించుకోవలసి వచ్చింది. మరో పక్క, ఆపరేషన్ గుంపులో మూత్రం ఆపుకోలేకపోవడం, దాంపత్య జీవితం దెబ్బతినడం ఎక్కువగా కనిపించాయి. రేడియేషన్ అయినవారిలో కొందరికి మలవిసర్జన ఇబ్బందులు వచ్చాయి.

ఈ లెక్క అందరికీ వర్తించదు. మన ఊళ్లలో చాలామంది నడుము నొప్పితో, ఎముకలకు పాకిన తర్వాతే ఆస్పత్రికి చేరుతున్నారు. వారు ఆగకూడదు. ప్రోస్టేట్ కేన్సర్ ఉన్నవారికి నడుము నొప్పితోపాటు కాళ్లు చచ్చుబడుతుంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. వచ్చే శుక్రవారం ఉపవాస ప్రార్థన దాకా వాయిదా వేయడం విశ్వాసం కాదు.

స్వస్థత కూటాల్లో తరచూ ఆసా రాజు పేరు వినిపిస్తుంది. జబ్బులో అతడు యెహోవాను వెదకక వైద్యులను వెదికాడని (2 దినవృత్తాంతములు 16:12) చెప్పి డాక్టర్ల దగ్గరికి వెళ్లేవారిని భయపెడతారు. ఒక వచనాన్ని చదివేటప్పుడు దాని పైవచనాలు కూడా చదవాలని వేదాంత కళాశాలలో మాకు మొదట నేర్పిన పాఠం. ఆసా దేవాలయపు వెండి బంగారాలు సిరియా రాజుకు పంపాడు, గద్దించిన దీర్ఘదర్శిని చెరసాలలో వేయించాడు. దేవుణ్ని పక్కకు నెట్టడం అతనికి అప్పటికే అలవాటైపోయింది. తప్పు అక్కడుంది, వైద్యుల దగ్గర లేదు. హిజ్కియా ప్రార్థన విని దేవుడు అతని ఆయుష్షుకు 15 ఏళ్లు కలిపాడు. ఆ వాగ్దానం తెచ్చిన యెషయానే పుండుకు అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు (2 రాజులు 20:5-7). వాగ్దానం, కట్టు రెండూ ఒకే గదిలోకి వచ్చాయి.

‘కనిపెట్టుకొని ఉండడం’ మన బైబిల్లో చాలా గౌరవం గల మాట. ఉదయం కోసం చూసే కావలివాడితో కీర్తనకారుడు దాన్ని పోల్చాడు (కీర్తనలు 130:6). కావలివాడు నిద్రపోడు. గమనింపును ఎంచుకున్నవారు పీఎస్‌ఏ పరీక్షకు, ఎంఆర్‌ఐకి, మళ్లీ బయాప్సీకి చెప్పిన తేదీన వెళ్లాలి. సాక్ష్యం చెప్పేశాం గదా అని పరీక్షలు మానేస్తే అది నిద్రే.

గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు అన్నారు (లూకా 14:28). ఇక్కడ ఖర్చంటే డబ్బు ఒక్కటే కాదు, అయితే డబ్బూ ఉంది. పొలం తాకట్టు పెట్టకముందు ప్రభుత్వ పథకం కింద ఏ వైద్యం వస్తుందో ఆస్పత్రిలో అడగాలి. ఆ లెక్క చూసేచోట భార్య తప్పక ఉండాలి. ఈ విషయం ఆవిడతో మాట్లాడడానికి సిగ్గుపడి, ఫోన్లో కొడుకుతో తేల్చేసుకునే పెద్దమనుషులున్నారు. వైద్యం తర్వాతి సంవత్సరాలు గడపవలసింది ఆవిడతోనే కదా!

కేన్సర్ పాకినవారికి మగ హార్మోన్‌ను అణచే వైద్యం చేస్తారు. ఈ మార్గం చూపిన చార్లెస్ హగిన్స్‌కు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. పదేపదే ఇంజెక్షన్లు కొనలేనివారికి వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్ తక్కువలో అయిపోతుంది. ప్రాణం నిలిచే అవకాశముండి కూడా ‘ఇక నేను మగవాణ్నేనా’ అని ఆగిపోయేవారున్నారు. వారిని సంఘంలో ఎవరూ వేళాకోళం చేయకూడదు. ధర్మశాస్త్రంలో అలాంటివారికి సమాజ ప్రవేశం లేదన్న మాట వాస్తవమే (ద్వితీయోపదేశకాండము 23:1). కానీ షండుడు తనను ఎండిన చెట్టు అనుకోనక్కరలేదని, కొడుకులూ కూతుళ్లూ ఉన్నదానికంటే మంచి పేరు తన ఆలయంలోనే ఇస్తానని దేవుడు యెషయా ద్వారా పలికాడు (యెషయా 56:3-5). ఐతియొపీయుడైన నపుంసకుడు బాప్తిస్మం పొంది సంతోషిస్తూ వెళ్లాడు (అపొ.కార్య. 8:39).

ఇక మన మందిరాల సంగతి. లక్షలు పెట్టి సౌండ్ సిస్టం కొంటాం. గోపురానికి లైట్లు వేస్తాం. మరుగుదొడ్డి మాత్రం ఉండదు, ఉన్నా తాళం వేసి ఉంటుంది. ఆపరేషన్ అయి మూత్రం ఆపుకోలేని పెద్దాయన రెండున్నర గంటల ఆరాధనలో ఎలా కూర్చుంటాడు? రాకుండా ఆగిపోతాడు, మనమేమో చల్లారిపోయాడంటాం. వచ్చే కమిటీ మీటింగులో ముందు ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. తలుపు దగ్గరి చివరి బెంచీని అలాంటివారికి వదిలిపెట్టండి.