35 డిగ్రీల ఆటయంత్రం

వీడియో ఆటల గురించి రాయడమంటే సాహిత్యపు అరుగు మీద గోళీకాయలు దొర్లించడమేనని తలచే మిత్రులు కొందరున్నారు. వారితో నాకు పేచీ లేదు. అయితే యాభై వేల రూపాయలు పోసి కొనే వస్తువు గురించి, కొనబోయేవారికి అక్కరకొచ్చే మాట మన భాషలో దొరకకపోవడం చిన్న లోటు కాదని నా అభిప్రాయం. ఈ టపా ఆ లోటు గురించే.

ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న, 49,990 రూపాయల ధరకు విడుదలయింది. దానితో వచ్చే సూచనల ప్రకారం ఆ యంత్రాన్ని వాడదగిన ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీల సెల్సియస్. ఈ వాక్యాన్ని గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో మే నెల మధ్యాహ్నం పూట చదివి చూడండి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో ఆ వేళకు నీడపట్టున కూడా 40 దాటుతుంది. రేకుల కప్పు కింది గది సంగతి చెప్పనే అక్కరలేదు. పిల్లలకు బడి లేని ఆ రెండు నెలలే యంత్రానికి కూడా గడ్డుకాలమన్నమాట.

తయారీదారు ఆ అంకెను దాచలేదు. దాన్ని చదివి మనకు చెప్పవలసిన సమీక్షకుడే చల్లని గదిలో కూర్చుని ఆ పుట తిప్పేస్తున్నాడు. ఎండ ఎక్కువగా ఉండే ఊళ్ళ కోసం ప్రత్యేకంగా యంత్రం ఎవరు చేస్తారని కొందరడగవచ్చు. నాగర్‌కర్నూలు ఒక్కటే అయితే ఆ ప్రశ్న న్యాయమే. కానీ రియాద్‌లో, దుబాయిలో, అమెరికాలోని ఫీనిక్స్‌లో సైతం ఎండ ఇంతకు తక్కువేమీ కాదు.

వేడిని తక్కువగా అంచనా వేస్తే ఏమవుతుందో లోకం ఒకసారి చూసింది. మన దేశంలో 2006లో అమ్మకానికొచ్చిన ఎక్స్‌బాక్స్ 360లో చిప్పులోని సన్నని అతుకులు వేడెక్కుతూ చల్లారుతూ బీటలు వారేవి. ముందువైపు ఎర్రదీపాల వలయం వెలిగి యంత్రం మూగబోయేది. 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ ఈ లోపానికి హామీ గడువును మూడేళ్ళకు పొడిగించి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా కేటాయించవలసివచ్చింది. చలిదేశాల్లోనూ తప్పని కష్టమది.

ఇదంతా విని పాతవే మేలని వాపోనక్కరలేదు. నింటెండో 1983లో జపానులో తెచ్చిన ఫ్యామికాం యంత్రపు నకళ్ళు తరువాతి దశాబ్దంలో మన ఊళ్ళలో టీవీ గేమ్ అన్న పేరుతో చెలామణి అయ్యాయి. వాటికి ఫ్యాను లేదు, అంతర్జాలంతో పని లేదు. క్యాసెట్ గుచ్చితే ఆట మొదలు. కరెంటు పోతే యంత్రానికి ఏమీ కాకపోయినా, కాంట్రాలో అంతవరకూ దాటిన మజిలీలన్నీ గల్లంతే. బాతులను కొట్టే తుపాకీ మరీ విచిత్రం. మీట నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లని చదరం వెలుగుతుంది. గొట్టంలోని కాంతి గ్రాహకం ఆ వెలుగును పట్టుకుంటే గురి తగిలినట్లు లెక్క. పాత గాజుబుడ్డి టీవీ జాప్యం లేకుండా బొమ్మ గీస్తుంది గనుక ఆ ఉపాయం చెల్లింది. పలుచని టీవీలు రాగానే తుపాకీ మూలపడింది. యంత్రాన్ని రూపొందించేవారు ఏ ఇంటిని ఊహించుకుంటారో ఆ ఇంట్లోనే అది సుఖంగా బతుకుతుంది.

చేతిలో పట్టుకునే కంట్రోలరు మాటకొస్తే, బొటనవేలితో తిప్పే పుల్ల కొన్నాళ్ళకు తాకకుండానే బొమ్మను పక్కకు లాగుతుంటుంది. పాత రేడియోలో వాల్యూం మరను తిప్పితే గరగరమనేది గుర్తుందా? ఇదీ ఆ జబ్బే. లోపల ఒక రేకు కర్బనపు పొర మీద రాసుకుంటూ దాన్ని అరగదీస్తుంది, దుమ్ము దానికి తోడవుతుంది. రాపిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసే హాల్ గ్రాహకాన్ని సెగా సంస్థ 1998లోనే డ్రీమ్‌కాస్ట్ కంట్రోలరులో పెట్టింది. ఇన్నేళ్ళ తరువాత వచ్చిన ప్లేస్టేషన్ 5 మామూలు కంట్రోలరులో మళ్ళీ అరిగే రకమే పెట్టారు. ఇది తెలియక జరిగిన లోపమని నేననుకోను.

ఇక సమీక్షలు. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 విడుదలకు ముందు సమీక్షకులకు కంప్యూటరు ప్రతి మాత్రమే ఇచ్చారు. వారు ఘనమైన మార్కులు వేశారు. పాత ప్లేస్టేషన్ 4 మీద కొన్నవారికి మాత్రం అడుగడుగునా ఆగిపోయే ఆట దక్కింది. వారం రోజుల్లోనే సోనీ ఆ ఆటను తన దుకాణం నుంచి తొలగించింది. తిరిగి పెట్టింది 2021 జూన్‌లో. సమీక్షకులు అబద్ధమాడలేదు. కొనేవారి దగ్గర లేని యంత్రం మీద నిజం చెప్పారు.

గద్వాల చీర బేరమాడేవారు పదికెన్ని మార్కులని అడగరు. ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు గనుక ఆ రెండూ కలిసే అతుకును వేళ్ళతో తడిమి చూస్తారు. ఎక్కడ తెగుతుందో తెలిసినవారి పరీక్ష అది. ఆటలకూ అటువంటి పరీక్షే కావాలి. 40 డిగ్రీల గదిలో రెండు గంటలాడితే ఏమవుతుంది? నడుమ కరెంటు పోతే ఆట ఎక్కడినుంచి మొదలవుతుంది? 100 జీబీల ఆటను రోజుకు 2 జీబీల ఫోను డేటాతో దించుకోవాలంటే 50 రోజులు పడుతుందని ఎవరైనా చెప్పారా? పుల్ల పాడైతే ఊళ్ళో టీవీలు బాగుచేసే మనిషి చేతికి లొంగుతుందా? అన్నిటికంటే ముఖ్యంగా, అమ్మినవాడు తన సర్వరును ఆపేసిన నాడు ఈ ఆట మిగులుతుందా?

ఈ ఆఖరి ప్రశ్న ఊహాజనితం కాదు. 2014లో యూబీసాఫ్ట్ అమ్మిన ది క్రూ అనే కార్ల ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడుకునే భాగం కూడా దానితోనే పోయింది. డబ్బు పెట్టి డిస్కు కొన్నవారి చేతిలో డిస్కు మాత్రం మిగిలింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2025 నుంచి, ఇలాంటి డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు ఇది అనుమతి మాత్రమేనని కొనేవారికి స్పష్టంగా చెప్పాలని చట్టం చేసింది. సేవల వల్ల మేలు లేదనను. 2015లో స్టీమ్ రూపాయల్లో ధరలు పెట్టాక ఎందరికో న్యాయంగా కొనే దారి దొరికింది. కానీ మేలు చేసే సేవకుడు ఇంటి తాళం కూడా తన జేబులో వేసుకుని తిరుగుతున్నాడు.

దీనికి భిన్నంగా మనవే రెండు ఆటలున్నాయి. హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ చేసిన హనుమాన్: బాయ్ వారియర్, గేమ్‌శాస్త్ర చేసిన దేశీ అడ్డా రెండూ 2009లో ప్లేస్టేషన్ 2 కోసం వచ్చాయి. మొదటిదాని విషయంలో, దేవుణ్ణి మీటలతో ఆడించడం తగదని అమెరికాలోని రాజన్ జెడ్ అభ్యంతరం లేవదీశారు. రెండవదానిలో గాలిపటాలు, కబడ్డీ, చిర్రగోనె ఉన్నాయి. దెబ్బ కొట్టినప్పుడు చిర్ర ఎగిరిన తీరు నిజంగా చిర్రగోనెలా ఉందా లేదా అన్నది, పాలమూరు పొలాల్లో ఆడిన చేతులు చెప్పగలిగినంత బాగా ఇంకెవరు చెప్పగలరు? ప్లేస్టేషన్ 2 తయారీ 2013 నాటికే ఆగిపోయింది. అయినా డిస్కూ యంత్రమూ చెడిపోకుండా ఉన్నవారు ఎవరి అనుమతీ అడగకుండా ఆ ఆటలు ఈ రోజుకూ ఆడుకోవచ్చు. ఆ మాత్రం హక్కు కొత్త ఆటలకు ఎందుకుండకూడదు?

రాజభవనంలో పాలిటెక్నిక్ నడుస్తున్న వనపర్తి వంటి ఊళ్ళో మరలు విప్పి లోపలేముందో చూడగలిగినవారికి కొదవలేదు. తెలుగులో చక్కగా రాయగలవారు మీలోనే ఎందరో. ఈ రెండు విద్యలూ ఒక్క పుట మీద కలిస్తే చాలు. వచ్చే వేసవిలో ఎవరైనా ఉష్ణమాపకం పక్కన పెట్టుకుని ఒక సమీక్ష రాయండి. మార్కులు వేయకపోయినా ఫరవాలేదు. నేను తప్పక చదువుతాను.