గద్దలకు సద్ఖా, బిడ్డలకు గండం

మా ఖాలా కూతురి బిడ్డ పైలట్ ట్రైనింగులో చేరింది. ఖాందాన్ అంతా ఖుష్. ఖాలా అయితే ప్రతి జుమ్మా నాడు మేడెక్కి, ఆ పిల్ల పేరు మీద గోష్త్ ముక్కలు గద్దలకు విసిరేది. సద్ఖా ఇస్తే బలా తప్పుతుందని ఆమె యఖీన్.

మొన్న సెలవులకొచ్చిన పిల్లను అడిగాను, "పైన భయమెయ్యదా బేటీ?" అని.

"గాలివానొస్తే మమ్మల్ని ఎగరనివ్వరు మామూ. చెప్పకుండా వచ్చేవి గద్దలే" అంది. ఖాలా మొహం చిన్నబోయింది.

నేర్చుకునే పిల్లలు నడిపే సెస్నా 172కి ఇంజను ఒక్కటే. పెద్ద విమానాల ముందు అద్దం 1.8 కిలోల పక్షి గుద్దినా తట్టుకోవాలని షరతు ఉంది. ఈ చిన్నవాటికి ఆ షరతు లేదు. గద్ద కిలో లోపే ఉండొచ్చు. కానీ విమానం గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. పైగా దిగడం, లేవడం మళ్లీ మళ్లీ ప్రాక్టీసు చేస్తారు. అంటే గద్దలు తిరిగే ఎత్తులోనే వాళ్ల చదువంతా. 1912లోనే అమెరికాలో కాల్ రాడ్జర్స్ అనే పైలట్ సముద్రపక్షి తగిలి, విమానం కూలి చనిపోయాడు.

విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు పక్షులు మూగేలా జంతువుల్ని కోయకూడదనీ, చెత్త పడేయకూడదనీ 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోనే చేర్చారు. 2008లో పెద్ద విమానాలు శంషాబాద్ పోయాక కూడా బేగంపేటలో శిక్షణ విమానాలు ఎగిరాయి. అక్కడి నుంచి 10 కిలోమీటర్లంటే నాంపల్లి, మెహదీపట్నం కూడా లోపలే!

దీన్ని మన ఒక్కరి ఖుసూర్‌గా చూపించేవాళ్లుంటారు. అది ఇన్సాఫ్ కాదు. ఆదివారం చికెన్ షాపుల వ్యర్థం, ఫంక్షన్ హాళ్ల ఎంగిలి ఏ మజహబ్‌వి? చెత్త ఎత్తని మున్సిపాలిటీకి జిమ్మేదారీ లేదా? ఉంది, అడుగుదాం. కానీ బక్రీద్ నాడు మన గల్లీలో పేగులు పడి ఉంటే, అడిగే హక్కు మనకెక్కడిది? ఖుర్బానీ ఇబాదత్. వ్యర్థాన్ని సంచిలో కట్టి బండికి అందించడం, లేదా గోతిలో పూడ్చడం కూడా అందులో హిస్సానే. సఫాయీ ఈమాన్‌లో భాగమని పిల్లలకు మనమే కదా చెప్పేది!

ఖాలా సద్ఖా మానలేదు. ఇప్పుడా గోష్త్ మా గల్లీ చివర ఉన్న బేవా ఇంటికి పోతోంది. ఆకలిగొన్న మనిషి ఉండగా గద్దకెందుకు?