ఊపిరి చాలదనే ముందు మౌత్‌పీస్ చూడండి

స్కూలు బ్యాండులో ట్యూబా పట్టిన పిల్లవాడికి ‘వీడికి ఊపిరి చాలదు’ అనే ముద్ర చాలా తేలిగ్గా పడిపోతుంది. పాట వెనకబడుతోందని, స్వరం ముద్దగా వస్తోందని నాలుగు వారాలు చూసి, వాణ్ణి డ్రమ్ము వైపో తాళాల వైపో మార్చేస్తారు. ఆ పని చేసే ముందు వాడి పెదవుల దగ్గరున్న ఇత్తడి ముక్కను ఒకసారి పరీక్షించాలని నా అభిప్రాయం. తరగతిలో పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టుకునే తెలుగు బడుల్లో బ్యాండు నిలబడాలంటే ఒక్కణ్ణి కూడా అనవసరంగా వదులుకోలేం.

ట్యూబా బ్యాండుకు పునాది. సాధారణంగా బ్యాండుల్లో వాడే పెద్ద రకంలో గొట్టం పొడవు సుమారు 18 అడుగులు. అంత గొట్టాన్నీ మోగించే గాలి మౌత్‌పీస్ అడుగున దాదాపు 8 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే వెళ్లాలి. పెదవులు ఆనే గిన్నె లోపలి వెడల్పు మామూలుగా 30 నుంచి 33 మిల్లీమీటర్లు. మన పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్లు. ఆ నాణేన్ని ఏడో తరగతి పిల్లవాడి పెదవుల మీద పెట్టి చూస్తే, అంతకంటే పెద్ద గిన్నెలో వాడి పెదవులు ఎంత పని చేయాలో తెలుస్తుంది.

చాలామంది మాస్టర్లు గిన్నె ఎంత లోతుంటే నాదం అంత గంభీరమని లోతైనదే ఇప్పిస్తారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. గరాటులా లోతుగా దిగే గిన్నె కింది స్వరాలకు బలమిస్తుంది, నాదం నిండుగా, గుండ్రంగా వస్తుంది. సూసా బ్యాండులో వాయించిన ఆగస్ట్ హెల్లెబర్గ్ పేరుతో ఈనాటికీ తయారవుతున్న మౌత్‌పీస్ ఆ కోవదే. అయితే ఆ నాదం రావాలంటే దాన్ని నింపే గాలి, గట్టిపడిన పెదవులు ఉండాలి. అవి లేని పిల్లవాడి చేతిలో అదే గిన్నె స్వరాన్ని ఆలస్యంగా, మొదలు ఎక్కడో తెలియకుండా పలికిస్తుంది.

అలాగని మరీ తక్కువ లోతున్నది కొన్నా ప్రమాదమే. స్వరం చటుక్కున, స్పష్టంగా మొదలవుతుంది, పై స్వరాలు సులువవుతాయి. కానీ బేస్‌లో ఉండాల్సిన బరువు పోయి రేకు డబ్బా మీద కొట్టినట్లుంటుంది. పునాది పల్చనైతే పైన ట్రంపెట్లు ఎంత బాగా పలికినా బ్యాండు నిలబడదు. స్కూలు పిల్లలకు మధ్యస్థమైన లోతు, కాస్త గుండ్రని గిన్నె, 31 – 32 మిల్లీమీటర్ల వెడల్పు మంచి మొదలు. పిల్లవాడు ఎదిగాక లోతైనదానికి మారవచ్చు.

అంచును కూడా చూడాలి. లోపలి అంచు కాస్త పదునుగా ఉంటే స్వరం మొదలు స్పష్టంగా తెగుతుంది, కానీ పెదవిని ఒత్తుతుంది. మరీ నున్నగా ఉంటే హాయిగా ఉంటుంది, కానీ మొదలు మసకబారుతుంది. వెడల్పాటి అంచు ఎక్కువసేపు వాయించడానికి, సన్నటి అంచు స్వరం నుంచి స్వరానికి సులువుగా కదలడానికి పనికొస్తాయి. ఒక గుణం పెరిగితే ఇంకొకటి కొంత తగ్గుతుంది. అన్నీ ఉన్న మౌత్‌పీస్ కోసం వెతక్కుండా, మన పిల్లవాడికి ఏది కొరతో చూసి ఎంచుకోవాలి.

పరీక్షకు మన ప్రార్థనా సమావేశమే చాలు. సభ మొదట్లో వాయించే తమిళ్‌తాయ్ వాళ్తుకు 55 సెకన్లు, చివర జాతీయ గీతానికి 52 సెకన్లు. బేస్ ప్రతి మాత్రకూ అరక్షణం ఆలస్యమైతే బ్యాండంతా ఈడ్చుకుంటూ నడుస్తుంది, గీతం నిమిషం దాటుతుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలు మారినా అదే ఈడ్పు కనిపిస్తుంటే లోపం పిల్లల్లో వెతకడం న్యాయం కాదు.

అయితే నాలుక చేయాల్సిన పనిని ఏ మౌత్‌పీసూ చేయదు. ఈ విషయంలో తెలుగు పాఠం చెప్పేవాళ్లం బ్యాండు మాస్టరుకు సాయం చేయగలం. ఇంగ్లీషు పుస్తకాల్లో స్వరం మొదలుపెట్టడానికి ‘టి’ అక్షరంతో రాసిన మాటను మన పిల్లలు ‘టూ’ అని చదువుతారు. ట మూర్ధన్యం, నాలుక వెనక్కి మడత పడుతుంది. త, ద దంత్యాలు, నాలుక కొన పళ్ల దగ్గరే ఉంటుంది. నాగస్వరం నేర్పేవారు ‘తు’కారంతో ఊదించడం మనకు కొత్త కాదు. ట్యూబాకు నోరు లోపల ఇంకా విశాలంగా ఉండాలి కాబట్టి గట్టిగా మొదలయ్యే స్వరానికి ‘తో’, మెత్తగా మొదలయ్యేదానికి ‘దో’ అనిపించండి. మన అక్షరమాల నేర్చిన పిల్లవాడికి ఈ తేడా ఒక్కసారి చెబితే చాలు. నాలుక సరైన చోటికి వచ్చాకే మౌత్‌పీస్ మంచిచెడులు తేల్చాలి.

కొనేటప్పుడు ఒకే పిల్లవాడు, ఒకే వాద్యం మీద రెండు మూడు రకాలు ఊది చూడాలి. ముందు కింది స్వరాన్ని ఎనిమిది మాత్రలు నిలబెట్టించాలి. తర్వాత అదే స్వరం మీద ‘తో తో తో తో’ అని మాత్రకు నాలుగుసార్లు ఊదించాలి. మొదటిది నాదాన్ని, రెండోది పలుకును చూపిస్తుంది. రెండింట్లోనూ ఫర్వాలేదనిపించేదే తీసుకోవాలి, ఒకదాంట్లో అద్భుతంగా ఉండి ఇంకోదాంట్లో తడబడేది వద్దు. వాయించేవాడి చెవికి వినపడేది వేరు, దూరానికి వినపడేది వేరు. అందుకని ఒకరు మైదానం అవతలి చివర నిలబడి వినాలి. మొదటి నిమిషంలో కొత్తదేదైనా బాగానే ఉంటుంది, పది నిమిషాలు ఊదాక పెదవి ఏమంటుందో అడగాలి.

కాడ కొలత మరిచిపోవద్దు. ట్యూబాల్లో మౌత్‌పీస్ దూరే గొట్టం కొలత అన్నింటికీ ఒకటి కాదు. మీరట్‌ జలీ కోఠీలో తయారైన వాద్యమైనా, విదేశీ వాద్యమైనా దాన్ని వెంట తీసుకెళ్లి అమర్చి చూడాలి. కాడ లోపలికి దాదాపు అంగుళం దిగి, కదలకుండా నిలవాలి. మౌంట్ రోడ్డులో 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్ వంటి దుకాణాలు మనకు బస్సు దూరంలోనే ఉన్నాయి. పిల్లవాణ్ణి తీసుకెళ్లకుండా పెద్దవాళ్లు వెళ్లి కొనుక్కురావడం కాళ్లు చూడకుండా చెప్పులు కొన్నట్లే.

తల్లిదండ్రులకు ఒక మాట. ట్యూబా కొనడం స్కూలు పని, మౌత్‌పీస్ మాత్రం పిల్లవాడికి సొంతంగా ఉండాలి. ఒకరి తర్వాత ఒకరు ఒకే దానిలో ఊదడం జలుబు, దగ్గు పంచుకోవడమే. వారానికోసారి గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెడితే చాలు. వ్యాసర్పాడి సందుల్లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లకు ట్యూబా తీసుకెళ్లలేం, తీసుకెళ్లినా పక్కింటివాళ్లు ఊరుకోరు. మౌత్‌పీస్ జేబులో పడుతుంది. రోజూ ఐదు నిమిషాలు దానిలోనే పెదవులు అదిరించి సాధన చేసినా స్వరంలో తేడా తెలుస్తుంది. ఇదే పేటలో చెప్పుల్లేని కాళ్లతో మొదలుపెట్టి బంతాటలో పేరు తెచ్చుకున్న పిల్లలున్నారు. సాధనకు మన పిల్లలు వెనకాడరు, తగిన సామాను మనం ఇవ్వాలి.

పాఠశాల యాజమాన్యాలకు నా సూచన చిన్నదే. వచ్చే ఏడాది బ్యాండు ఖర్చులో కొత్త యూనిఫాం గుండీలకంటే ముందు మూడు రకాల ట్యూబా మౌత్‌పీస్‌లు రాసుకోండి. బడిలో ఉంచి, చేరిన ప్రతి పిల్లవాడికీ ఊది చూసే అవకాశమివ్వండి. ఏది నప్పుతుందో తేలాక ఆ రకం సొంతంగా కొనమని ఇంటికి చెప్పండి, కొనలేనివారికి బడే కొనివ్వాలి. ఇదంతా అయ్యాక కూడా స్వరం రాకపోతే అప్పుడు ఊపిరి గురించి మాట్లాడదాం.